మాణిక్యమ్మ గారి చూపుడు వేలు

మా మహాలక్ష్మి టవర్స్‌లో ఉన్న వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు, గోడలకు వేలాడే టీవీలు, అన్నిటికీ చట్టప్రకారం హక్కుదారు రెండో అంతస్తులో ఉండే మాణిక్యమ్మ గారు. మేం వాటిని కొన్నాం. అంతకు మించి మాకూ వాటికీ ఏ సంబంధమూ లేదు.

ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు. అంగీకార నిర్ధారణ మండలి వారు విచారణ జరిపి, ముద్ర వేసి మరీ చెప్పిన మాట.

మాణిక్యమ్మ గారు పెద్దాసుపత్రి పురుళ్ల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యారు. మా టవర్స్‌లో (మూడంతస్తులే, అయినా టవర్సే) సగం మంది ఆవిడ చేతుల్లో పడినవాళ్లే. ఆవిడ చెయ్యి మంచిదని ఊళ్లో పేరు. రిటైరయ్యాక అంత మంచి చెయ్యి ఊరికే ఖాళీగా ఉండటం మాకు నచ్చలేదు. అందుకని ఎవరింట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా మొదటిసారి ఆన్ చెయ్యడానికి ఆవిణ్ణే పిలుస్తూ వచ్చాం.

పద్ధతి ఇదీ. షాపు మనిషి పెట్టె విప్పి, మెషిన్ బిగించి, ప్లగ్గు పెట్టి పక్కకు జరుగుతాడు. ఇంటావిడ మెషిన్ మూతకి పసుపు రాసి కుంకుమ పెడుతుంది. కొబ్బరికాయ కొడతాం. మాణిక్యమ్మ గారు కొంగుతో చెయ్యి తుడుచుకుని ముందుకొస్తారు. అప్పుడు తెర మీద చీమలబారు లాగా అక్షరాలు కిందికి పరిగెత్తి పరిగెత్తి, చివర ‘అంగీకరిస్తున్నాను’ అని ఒక నీలం మీట వెలుగుతుంది. ఆవిడ ‘శుభం’ అంటూ చూపుడు వేలితో దాన్ని నొక్కుతారు. మేం చప్పట్లు కొడతాం. ఎవరో ఒకరు ఇదంతా వీడియో తీసి అపార్టుమెంట్ గ్రూపులో పెడతారు.

నేను ఈ టవర్స్ అసోసియేషన్ కార్యదర్శిని. ఇంకెవరూ ఒప్పుకోకపోవడంతో ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను.

గొడవ మూడో అంతస్తు ఫణిభూషణం దగ్గర మొదలైంది. వాళ్ల అత్తగారు ఊరినుంచి వస్తూ ఒక మూట మాసిన చీరలు తెచ్చుకున్నారు. మెషిన్లో వేస్తే అది రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. తెర మీద ‘ఇవి మీ ఇంటి బట్టలు కావు. ఒప్పందం ప్రకారం పరాయి బట్టలు ఉతకబడవు’ అని వచ్చింది. మెషిన్‌కి ఆ సంగతి ఎలా తెలిసిందో నాకు తెలీదు. అత్తగారు మాత్రం అల్లుడే మెషిన్‌కి చెప్పి పెట్టాడని అనుకున్నారు.

ఫణిభూషణం కంపెనీకి ఫోన్ చేశాడు. ‘మీరు అంగీకరించారు కదా సార్’ అన్నారు వాళ్లు. ‘నేనెప్పుడు అంగీకరించానండీ?’ అని అతను మండలికెక్కాడు. ఆ ఒప్పందం చదవనూ లేదు, మీట నొక్కనూ లేదన్నాడు. నొక్కింది మాణిక్యమ్మ గారని వీడియో చూపించాడు. ఇది మా దగ్గర ఆనవాయితీ అని రుజువు చెయ్యడానికి గ్రూపులో ఉన్న మిగతా వీడియోలన్నీ కూడా జతచేశాడు. మనిషి ఏ పనీ సగం చెయ్యడు.

గెలిచాడు. తీర్పు కాయితం ఫొటో గ్రూపులో పెట్టి ఇంటింటికీ జిలేబీ పంచాడు. ‘ఒప్పందము కొనుగోలుదారును బంధించదు’ అన్న మొదటి పేరా చదివి అందరం దండాల బొమ్మలు పెట్టాం. రెండో పేరా ఉన్నట్టు కూడా ఎవరూ గమనించలేదు. నాకు పళ్లు సరిగ్గా లేక జిలేబీ నెమ్మదిగా తింటాను కాబట్టి, ఆ ఖాళీలో అది కూడా చదివాను.

‘ఒప్పందము నొక్కిన వేలును మాత్రమే బంధించును. కావున సదరు వేలు గల వ్యక్తియే సదరు యంత్రములన్నిటికీ ఒప్పందదారు. కొనుగోలుదారులు ఒప్పందదారు దయాదాక్షిణ్యములపై సదరు యంత్రములను వాడుకొనుచున్నవారుగా పరిగణింపబడుదురు.’

నోట్లో జిలేబీ చేదెక్కింది.

వారం తిరక్కుండా మండలి నుంచి ప్రకాశలింగం గారనే అంగీకార నిర్ధారణాధికారి వచ్చారు. చంకలో తోలుసంచి, జేబులో మూడు పెన్నులు. మాణిక్యమ్మ గారింట్లో మా అందరినీ నిలబెట్టి ఆయన కూర్చున్నారు.

“అమ్మా, తమరి కుడిచేతి చూపుడు వేలును మండలి ప్రతినిధి సమక్షమునందు హాజరుపరచవలెను.”

“వేలొక్కటీ ఎలా వస్తుందండీ, నేనూ వస్తాను,” అని ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

ఆయన వేలిని ఇటూ అటూ తిప్పి చూసి, వీడియోలో వేలితో పోల్చి, సరిపోయిందని రాసుకున్నారు. తర్వాత లేచి నిలబడి ప్రకటించారు. తీర్పు తర్వాత కంపెనీలన్నీ తమ యంత్రాలకు కొత్త బుద్ధి పంపాయట. రోజూ ఉదయం ఒప్పందదారు ప్రతి యంత్రం మీదా వేలు పెట్టాలి. పెట్టకపోతే ఆ రోజుకి యంత్రం నిద్రపోతుంది. ఒప్పందదారు తన హక్కును ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. ఒప్పందదారు మరణిస్తే యంత్రాలు కంపెనీకి చెందుతాయి.

“మరణం అంటే?” అన్నాడు ఫణిభూషణం, ఏదైనా సందు దొరుకుతుందేమోనని.

“ఒప్పందమునందు నిర్వచింపబడలేదు. ప్రస్తుతమునకు మామూలు మరణమే.”

మేమందరం ఒక్కసారిగా మాణిక్యమ్మ గారి వైపు తిరిగాం. ఆవిడ పిండివంటలు తెస్తానని లేవబోయారు. పదిమంది పరిగెత్తి ఆవిణ్ణి కుర్చీలోనే ఆపేశాం.

మొదట్లో ఆవిడ సరదా పడ్డారు. పొద్దున్నే స్నానం చేసి, వార్డు రౌండ్లకి బయల్దేరినట్టు కింది అంతస్తు నుంచి మొదలుపెట్టి గడపగడపకీ వచ్చేవారు. వేలు పెట్టి, “రాత్రి బాగా తిరిగిందా? శబ్దం ఏవైనా చేసిందా?” అని మెషిన్ గురించి అడిగి, ఇంట్లోవాళ్ల జలుబుల గురించి కూడా అడిగి వెళ్లేవారు. అయితే మేం ఊరుకునే రకం కాదు. అసోసియేషన్ అత్యవసర సమావేశం పెట్టి ‘వేలి సంరక్షణ ఉపసంఘం’ వేశాం. ఫణిభూషణం కన్వీనరు.

ఉపసంఘం ముందుగా ఆవిడ కత్తిపీట తీసుకెళ్లిపోయింది. కూరగాయలు తరిగి ఇచ్చే వంతు ఒక్కో ఇంటికీ ఒక్కో రోజు పడింది. తర్వాత ఊరగాయ జాడీ వెళ్లింది, ఉప్పు ఎక్కువని. మెట్లు నిషేధం. లిఫ్టు పాతది కాబట్టి లిఫ్టూ నిషేధం. అటూ ఇటూ కాకుండా ఆవిడ రౌండ్లకి ఎలా తిరగాలని ఎవరో అడిగితే కుర్చీలో మోసుకెళ్లాలని తీర్మానించాం. రోజూ బీపీ చూసి ఆ అంకె లిఫ్టు పక్కన బోర్డు మీద రాసేవాళ్లం. అంకె కాస్త పెరిగిన రోజు జనం ఇళ్లలో ఉన్న దుప్పట్లన్నీ ముందుగానే ఉతికేసుకునేవారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా చెప్పాం, ఎవరైనా వెళ్లొచ్చు, పిన్నిగారు (మాణిక్యమ్మ గారిని మేమంతా పిలిచేది అలాగే) తప్ప.

నలభై ఏళ్లు జనం చేతులకు బీపీ పట్టీ చుట్టిన మనిషికి, దాన్ని తిరగేసి చుట్టే ఫణిభూషణం రోజూ బీపీ చూస్తుంటే ఎలా ఉంటుంది? ఒకరోజు చెయ్యి లాగేసుకున్నారు.

“ఒరేయ్ ఫణీ, నువ్వు పుట్టి ఏడవకపోతే తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచిన చెయ్యిరా ఇది. మళ్లీ చరచలేననుకోకు.”

“వద్దు పిన్నీ, వేలు బెణుకుతుంది,” అన్నాడు ఫణిభూషణం నిజంగా కంగారుపడుతూ.

ఇలా ఉండగా అత్తిలి నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. ఆవిడకి అరవై దాటాయిగానీ పేరు బేబీ. బేబీ గారికి కంటి ఆపరేషన్ అట. ఆపరేషన్ తర్వాత గంటగంటకీ కంట్లో చుక్కలు పడాలి, పడకపోతే చూపుకే ప్రమాదం అన్నాడట డాక్టరు. ఆవిడకి చిన్నప్పట్నుంచీ ఒక జబ్బుంది. కంటి దగ్గరికి ఎవరు చెయ్యి తెచ్చినా రెప్పలు గట్టిగా బిగించేస్తుంది. ఒక్క అక్క వేస్తేనే తెరుస్తుంది.

మాణిక్యమ్మ గారు మా ఇంటికొచ్చారు. కుర్చీలో కాదు, ఉపసంఘం కళ్లుగప్పి మెట్లు దిగి వచ్చారు.

“నేను అత్తిలి వెళ్లాలి నాయనా. పదిహేను రోజులు.”

నేను గొంతు సవరించుకున్నాను. “పిన్నిగారూ, మా టవర్స్ పరిస్థితి మీకు తెలుసు కదా. పోనీ, బేబీ గారినే ఇక్కడికి...”

“ఆపరేషనైన కళ్లతో బస్సులో కుదుపుకుంటూ రమ్మంటావా?”

మా ఆవిడ శ్యామల వంటింట్లోంచి తొంగిచూసి, “వెళ్లనివ్వండి, పాపం,” అంది. ఆ మాట అన్నప్పుడు మెషిన్లో దుప్పట్లు తిరుగుతున్నాయి. అవి ఎండాక ఆవిడ కూడా మనసు మార్చుకుంది.

చివరికి సంగతి మండలి దాకా వెళ్లింది. అనుమతి కావాలని మాణిక్యమ్మ గారు, ఇవ్వొద్దని మేము. ఆవిడ ఒక సంచీ తెచ్చుకుని కుర్చీ పక్కన పెట్టుకున్నారు. అందులో ఏవో కాయితాలున్నాయనుకున్నాం. మండలి అధ్యక్షులు విశ్వపతి గారు ఎత్తుబల్ల వెనక కూర్చుని కళ్లజోడు పైనుంచి చూశారు.

“తమరు సదరు మీటలను నొక్కిన మాట వాస్తవమేనా?”

“నొక్కానండి.”

“నొక్కుటకు పూర్వము ఒప్పందమును చదివితిరా?”

“కళ్లజోడు తీసుకెళ్లలేదండి. అయినా చదవమని నన్నెవరు పిలిచారు? చెయ్యి మంచిదని పిలిచారు. నేను నొక్కింది ఒప్పందానికి కాదండి, వాళ్లిల్లు చల్లగా ఉండాలని.”

“చల్లదనమును చట్టము గుర్తించదు,” అన్నారు విశ్వపతి గారు. “చదవకపోవుట అంగీకారమునకు ఆటంకము కాదు. చదివినవారే అంగీకరించవలెనన్నచో ఈ దేశమున ఒక్క యంత్రమూ తిరగజాలదు.”

తర్వాత నన్ను పిలిచారు. ఆవిడ వెళ్లిపోతే మా కుటుంబాలు ఏమవుతాయో చెప్పాను. మధ్యలో గొంతు వణికింది. నేను కావాలని వణికించలేదు, ఇంట్లో ఉతక్కుండా ఉన్న రెండు రోజుల బట్టలు గుర్తొచ్చాయి.

“అత్తిలి ప్రయాణము నిరాకరించడమైనది,” అన్నారు అధ్యక్షులు. “ఉత్తర్వు రేపు ఉదయము అచ్చగును. అచ్చయిన క్షణము నుండి అమలులోకి వచ్చును.”

మాణిక్యమ్మ గారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఆవిడ ఏడవడం నేను అదే చూడటం.

అప్పుడు ప్రకాశలింగం గారు అధ్యక్షుల చెవిలో ఏదో చెప్పారు. విశ్వపతి గారు బల్ల దిగి ఇవతలికొచ్చారు. దిగేసరికి ఆయన భాష కూడా దిగింది.

“అమ్మా, మీరేవీ అనుకోకపోతే ఒక చిన్న మాట. మా ఆఫీసుకి ఉత్తర్వులు అచ్చేసే కొత్త యంత్రం వచ్చింది. ఇక మీదట ముద్ర, నంబరు అన్నీ అదే వేస్తుంది, దాన్లోంచి వస్తేనే ఉత్తర్వు. ఇవాళ ముహూర్తం బాగుందన్నారు. మీ చెయ్యి చాలా మంచిదని మా ఇంట్లో కూడా అంటూంటారు...”

ఆవిడ ఆయన్ని పైనుంచి కింది దాకా చూశారు. “చల్లదనాన్ని చట్టం గుర్తించదని ఇప్పుడే కదండీ అన్నారు?”

“అది బల్ల వెనక కూర్చున్నప్పుడమ్మా. ఇప్పుడు లేచాను కదా.”

పక్కగదిలో యంత్రం సిద్ధంగా ఉంది. పసుపు, కుంకుమ, పెద్ద బంతిపూల దండ. కొబ్బరికాయ ప్రకాశలింగం గారే కొట్టారు. తెర వెలిగింది, చీమలబారు మొదలైంది. మాణిక్యమ్మ గారు సంచీలోంచి కళ్లజోడు తీశారు.

“ఉండండి. ఈసారి తెచ్చుకున్నాను. ఏం రాశాడో చదివి నొక్కుతాను.”

గదిలో ఉన్నవాళ్లందరం నవ్వాం. విశ్వపతి గారైతే పొట్ట పట్టుకుని నవ్వారు. “ఇవన్నీ ఎవరు చదువుతారమ్మా! రాహుకాలం వచ్చేస్తోంది, నొక్కెయ్యండి.”

“శుభం,” అని ఆవిడ నొక్కారు. అందరం చప్పట్లు కొట్టాం. ప్రకాశలింగం గారు వీడియో తీశారు.

కళ్లజోడు సంచీలో పెట్టుకుంటూ ఆవిడ మెల్లగా అడిగారు. “బాబూ, నన్ను వెళ్లొద్దన్న ఉత్తర్వు ఇంకా అచ్చవలేదు కదా?”

“లేదమ్మా, రేపు పొద్దున్న.”

“అంటే ఇవాళ నేను ఎక్కడికైనా వెళ్లొచ్చు?”

“నిరభ్యంతరముగా,” అన్నారు ప్రకాశలింగం గారు, ఇంకా నవ్వు ఆగక.

ఆవిడ సంచీ తీసుకుని బయటికి నడిచారు. ఇంటికే వెళ్తున్నారనుకున్నాం. ఎదురుగానే బస్టాండు ఉందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. ఆ సంచీలో ఉన్నవి కాయితాలు కావు, రెండు చీరలూ తువ్వాలూనట.

మర్నాడు పొద్దున్నే మా టవర్స్ మూగబోయింది. మెషిన్లు నిద్ర, ఫ్రిజ్‌లు నిద్ర, టీవీలు నిద్ర. మగాళ్లం మేడ మీద ట్యాంకు పక్కన బట్టలు ఉతుకుతున్నాం. ఫణిభూషణం అత్తగారి చీరని రాతి మీద బాదుతూ, మూటలో ఇంకా ఎన్నున్నాయోనని చూస్తున్నాడు. అప్పుడు నా ఫోన్ మోగింది. ప్రకాశలింగం గారు. ఆయన గొంతులో ‘వలెను’లూ ‘బడును’లూ ఏమీ లేవు.

“ఏవండీ, కొంప మునిగిందండీ. మా యంత్రం ఆవిడ వేలు కావాలంటోంది. ఆవిణ్ణి ఆపే ఉత్తర్వు రాలేదు. ఏ ఉత్తర్వూ రావటం లేదు. పొద్దున్నించీ జనం వరండాలో కూర్చున్నారు. అధ్యక్షులవారు నీళ్లు కూడా తాగలేదు.”

మా వాళ్లూ మండలి వాళ్లూ కలిసి ఒక వ్యాన్ మాట్లాడుకుని అత్తిలి వెళ్లాం. చిన్న పెంకుటిల్లు. వాకిట్లో మడతమంచం మీద నల్ల కళ్లద్దాలతో బేబీ గారు. పక్కన పీట మీద మాణిక్యమ్మ గారు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు.

“అమ్మా, తమరు తక్షణమే...” అన్నారు విశ్వపతి గారు.

“చుక్కల టైమయింది. నిలబడండి,” అన్నారు ఆవిడ. నిలబడ్డాం. ఎండ మాడుతోంది.

ఆవిడ చెల్లెలి కళ్లద్దాలు తీసి, గడ్డం కింద చెయ్యి పెట్టారు. “పైకి చూడవే బేబీ. ఊళ్లో పెద్దలంతా వచ్చారు, భయపడకు.” బేబీ గారు నవ్వింది. రెప్ప కొట్టకుండా కళ్లు ఇంతింత చేసి ఆకాశంలోకి చూసింది. చుక్క పడింది. ఆ చేతిని దుప్పట్లు ఉతకడానికి కట్టేసుకోవాలనుకున్నది మేమేనని గుర్తొచ్చి నాకు నిజంగా సిగ్గేసింది. తల దించుకుని చెప్పులు చూసుకున్నాను.

ప్రకాశలింగం గారు ఒక ప్రతిపాదన చేశారు. “యంత్రములన్నిటినీ ప్రతి దినము లారీలో అత్తిలికి తరలించి...”

“వద్దండి. నా వేలిని వదిలేశామని రాసివ్వండి,” అన్నారు మాణిక్యమ్మ గారు.

“యంత్రం నిద్రపోతోంది కదమ్మా, రాయడం ఎలా?” అన్నారు విశ్వపతి గారు.

“ఆయన జేబులో మూడు పెన్నులున్నాయి కదండీ.”

మండలి మొత్తం ప్రకాశలింగం గారి జేబు వైపు చూసింది. చేత్తో రాసిన ఉత్తర్వు ఈ మధ్య ఎవరూ చూడలేదు. ఆయన గొంతు సవరించుకుని, “చేతిరాత ఉత్తర్వు నిబంధనల ప్రకారము చెల్లు...” అని, అధ్యక్షుల మొహం చూసి, “...ను,” అని ముగించారు.

చుక్కల మందు చీటీ వెనక, వ్యాన్ బానెట్ మీద పెట్టి, విశ్వపతి గారు చెమటలు కారుస్తూ రాశారు. ‘శుభము కోరి నొక్కిన వేలు దేనికీ బద్ధము కాదు. యంత్రము ఎవరిదో వారే చదివి నొక్కుకొనవలెను.’ సంతకం పెట్టి ఆవిడ చేతిలో పెట్టి, వ్యాన్ ఎక్కబోయారు.

“ఆగండి. చదవనివ్వండి,” అన్నారు ఆవిడ.

కళ్లజోడు తీశారు. తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. అక్షరం అక్షరం పైకే చదివారు. చదివి, “ఇందులో ‘ఎప్పటికీ’ అన్న మాట లేదు. అది కూడా రాయండి,” అన్నారు. ఆయన రాశారు. ఆవిడ మళ్లీ మొదట్నుంచీ చదివారు. మేమంతా ఎండలో అలా నిలబడే ఉన్నాం, ఒక్కళ్లం కూడా నవ్వలేదు. చదవడం పూర్తయ్యాక చీటీ మడిచి చెల్లెలి దిండు కింద పెట్టి, “మజ్జిగ తాగి వెళ్లండి,” అన్నారు.

ప్రకాశలింగం గారు దారిలోనే ఉత్తర్వు సంగతి కంపెనీలకి ఫోన్లో చెప్పారు. ఇంటికొచ్చేసరికి మెషిన్ తెర మీద కొత్త ఒప్పందం వచ్చి కూర్చుంది. శ్యామల కుంకుమ పెట్టింది. మాసిన దుప్పట్లు నా నడుము ఎత్తున పేరుకుని ఉన్నాయి. పిన్నిగారి ఆశీర్వాదం లేకుండా నొక్కడం బాగోదని అత్తిలికి ఫోన్ చేశాను.

“ఈసారి మేమే నొక్కుకుంటున్నాం పిన్నిగారూ. మీరు ఒక్కసారి శుభం అనండి.”

“అలాగే నాయనా. చదివావా?”

తెర మీద చీమలబారు ఇంకా పరిగెడుతూనే ఉంది. శ్యామల దుప్పటి పట్టుకుని నిలబడింది.

“సిగ్నల్ సరిగ్గా అందడం లేదు పిన్నిగారూ,” అని ఫోన్ పెట్టేసి నొక్కేశాను.